ఛాయాచిత్రమున గాజు



ఈ కాలమున ఫోటోను కత్తిరించుటకు కత్తెర అక్కరలేదు. మనిషిని గాని వస్తువును గాని వెనుకనున్న దృశ్యమునుండి వేరుచేసి మరియొక దృశ్యము ముందు నిలుపుట కంప్యూటరు ముందు కూర్చున్నవారికి నిత్యకృత్యమైనది. ఇత్తడి చెంబును అట్లు వేరుచేయవచ్చును, మామిడిపండును వేరుచేయవచ్చును, ఏనుగునైనను వేరుచేయవచ్చును. వీని అంచు ఎక్కడనున్నదో కంటికి తెలియును. ఆ అంచు వెంబడి గీత గీసి, లోపలిది ఉంచుకొని, వెలుపలిది తీసివేసిన పని ముగియును. చిక్కంతయు గాజు గ్లాసు వద్ద వచ్చును. గ్లాసునకును అంచు కలదు; కాని ఆ అంచునకు లోపల కనబడునది చాలవరకు గ్లాసు వెనుకనున్న బల్ల, గోడ, కిటికీ. ఎంత నేర్పుతో కోసినను గ్లాసుతోపాటు ఆ గోడముక్కయు ఊడివచ్చును. దానిని తీసికొనిపోయి సముద్రపుటొడ్డున నిలిపినచో, అలల నడుమ గ్లాసు ఆకారమున ఒక గోడముక్క నిలిచియుండును.

ఇది స్టూడియోవారి బాధ గదా, మనకేల అని కొందరు అనుకొనవచ్చును. మన యిండ్లలో దండవేసిన పటము లేని గోడ అరుదు. ఆ పటములలోని పెద్దలలో అనేకులకు కండ్లజోడుండును. కండ్లజోడు గాజే గదా. నేడు అద్దములను ప్లాస్టిక్కుతో చేయుచున్నారందురేమో. కత్తిరించువానికి అదియు ఇదియు ఒక్కటే.

బేగంపేటలో ఒక కుటుంబమునకు జరిగిన సంగతి చెప్పెదను. ఇంటి పెద్ద కాలము చేసినాడు. విడిగా తీయించుకొన్న మంచి ఫోటో ఒక్కటియు దొరకలేదు. దొరికినదెల్ల మనుమరాలి పెండ్లిలో, పచ్చని పందిరి క్రింద, నలుగురైదుగురి నడుమ నవ్వుచు నిలుచున్న ఫోటో. కుమారుడు దానిని ఒక స్టూడియోకు తీసికొనిపోయి, తండ్రిని మాత్రము వేరుచేసి, లేతనీలము వెనుకతెర వేసి, పటము కట్టి యిమ్మన్నాడు. పెద్దకర్మకు నాలుగు దినములే గడువు. పటము వచ్చినది. ముఖము బాగున్నది, కండువా బాగున్నది. కండ్లజోడు కుడి అద్దము అంచున మాత్రము పందిరి ఆకుపచ్చయు, బంతిపూల పసుపును నెలవంకవలె మిగిలిపోయినవి. అందరికిని అదే కనబడసాగినది. తిరిగి పంపినారు. రెండవసారి స్టూడియోవాడు ఆ నెలవంకను తుడిచివేసి, మెరుపులను తుడిచివేసి, చెంపగీతను నున్నగా సరిదిద్ది పంపినాడు. ఇప్పుడు తప్పు చూపించుటకు ఏమియు లేదు. కాని ఆయన భార్య చాలసేపు చూచి, కుమారునితో, “జోడు ఉందిగాని నాయనా, అందులో అద్దాలు లేవురా. మీ నాన్న ఇట్లా ఉండేవారు కాదు” అన్నది.

ఆమెకు కంప్యూటరు తెలియదు. అయినను ఆమె చెప్పినది అక్షరాల సత్యము. ఆమె కంటికి తెలిసినదేమో, స్టూడియోవాని చేతికి తెలియనిదేమో విచారించుటకే ఈ ప్రసంగము.

కనబడని దానిని కనబడని దానినుండి వేరుచేయుట బేగంపేటకు క్రొత్త కాదు. 2008లో ప్రయాణికుల విమానములు శంషాబాదుకు తరలిపోయిన పాత విమానాశ్రయము చెంతనే సర్ రోనాల్డ్ రాస్ పేరుగల భవనమొకటి కలదు. 1897 ఆగష్టు 20వ తేదీన బేగంపేటలో రాస్ ఒక దోమ కడుపును కోసి సూక్ష్మదర్శిని క్రింద చూచుచుండెను. దోమ జీర్ణకోశపు గోడ తేటగా ఉండును. అందలి కణములును తేటవే. తేటలోని తేట గీతకు అందదు, రంగుకు అందదు. అంతకు పూర్వము ఎన్ని దోమలను కోసి చూచినను ఆయనకు దక్కినది నిరాశయే. ఆనాడు గుండ్రని కొన్ని కణములలో సన్నని నల్లని రేణువులు కనిపించినవి. మలేరియా రోగుల నెత్తుటిలో తాను ఎరిగిన రేణువులే అవి. మరునాడు మరియొక దోమలో ఆ కణములు మరింత పెరిగి కనిపించినవి. దోమకును మలేరియాకును గల సంబంధము అక్కడ చిక్కినది. 1902లో నోబెల్ బహుమానము వచ్చినది. తేటవస్తువు తన్ను తాను చూపించుకొనదు, తన మీదను తన లోపలను ఉన్న గుర్తులచేతనే పట్టుబడును అని మన విషయమునకు కావలసిన పాఠము. గాజునకును ఇట్టి గుర్తులు కలవు. అంచున వంగిన వెలుగుచే ఏర్పడు నల్లగీత ఒకటి. పైతలమున మెరయు ప్రతిబింబము ఒకటి. గాజు స్వంతపు లేతరంగు, ధూళి, వ్రేలిముద్ర తక్కినవి. గాజును కత్తిరించుటయనగా ఈ గుర్తులను ఏరుకొనుట.

ఫోటో దిద్దుట మన ప్రాంతమునకు పాతవిద్యయే. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళ్ 1880ల నడుమ సికింద్రాబాదున స్టూడియో తెరచినాడు. అప్పటి నెగెటివులు గాజుపలకలు. ఆ కాలపు స్టూడియోలలో ఆ పలకమీదనే సన్నని పెన్సిలుతో ముడుతలను పూడ్చెడివారు. వెనుక దృశ్యము అక్కరలేనప్పుడు వెలుగు చొరని రంగును కుంచెతో అంచు వెంబడి పూసెడివారు. పూసినచోట వెలుగు చొరదు, పూయనిచోట చొరును. సగము చొరుట అను మాట ఆ కుంచెకు తెలియదు.

సినిమావారి మాస్కు పద్ధతియు మొదట అట్టిదే. 1957 నాటి మాయాబజార్ లో మార్కస్ బార్ట్లే కెమెరా చేసిన చిత్రములు నేటికిని ముచ్చట గొలుపుచున్నవి. ప్రియదర్శిని పెట్టెలో దూరాన ఉన్నవారు కనబడుటను చూచి ఆశ్చర్యపడని తెలుగువాడు లేడు. ఒక భాగమును మూసి మరియొక భాగమును తీయుట, ఫిల్ము వెనుకకు త్రిప్పి మూసిన భాగమును తిరిగి తీయుట ఆనాటి తంత్రము. చేయి ఎంత కుదురైనది కావలెనో ఊహించుకొనుడు. ఐనను పొగ, జుట్టు, పలుచని మేలిముసుగు, గాజు ఈ నాలుగును ఆ తంత్రమునకు లొంగవు.

వానిని లొంగదీసిన వారిలో ముఖ్యుడు అమెరికాలోని పెట్రో వ్లాహోస్. 1959లో వచ్చిన బెన్ హర్ చిత్రమున ఆయన పద్ధతి వాడుకలోనికి వచ్చినది. నటుల వెనుక నీలపుతెర కట్టెదరు. లోకములోని వస్తువులలో చాలవాటికి నీలము పాలు ఆకుపచ్చ పాలుకంటె అంతగా మించదు. కావున ఫిల్ముమీద ఏచోట నీలము ఆకుపచ్చను ఎంత మించునో, అచ్చట తెర అంత కనబడుచున్నదని లెక్క. పూర్తిగా మించినచో అక్కడ తెర తప్ప ఏమియు లేదు. సగము మించినచో సగము తెర, సగము వస్తువు. గాజుగ్లాసు గుండ కొంత నీలము కనబడినను ఈ లెక్క దానిని పట్టుకొనును. నీలపు సీసాను మాత్రము ఆ తెర ముందు పెట్టరాదు. తెరతోపాటు సీసాయు మాయమగును!

“సగము” అను ఈ మాటను అంకెలలో పెట్టినది కంప్యూటరు. 1977 ప్రాంతమున న్యూయార్కు సాంకేతిక విద్యాలయములో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ అను ఇద్దరు, చిత్రములోని ప్రతి చుక్కకును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు అంకెలతోపాటు నాల్గవ అంకెను చేర్చినారు. అచ్చట వస్తువు ఎంత కప్పుచున్నదో ఆ అంకె చెప్పును. దానికి ఆల్ఫా అని పేరు. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ అనువారు, అట్టి చిత్రములను ఒకదానిపై నొకటి పేర్చునపుడు చేయవలసిన గణితమును వ్రాసిపెట్టినారు. 1990లో నోల్ సోదరుల ఫోటోషాప్ బజారులోనికి వచ్చినది. డబ్బు పెట్టనక్కరలేని గింప్ అను పరికరము కొద్ది సంవత్సరముల తరువాత వచ్చినది. నేడు చిన్న స్టూడియోలోని కుర్రవాడు పొరకు ముసుగు వేసి, ముసుగుపై నలుపు పూసిన మాయమగును, తెలుపు పూసిన నిలుచును, బూడిదరంగు పూసిన సగము కనబడును అని పనిచేయుచున్నాడనగా, ఆ నాల్గవ అంకెనే కుంచెతో వ్రాయుచున్నాడన్నమాట.

వస్తువు కంప్యూటరులోనే పుట్టినదైనచో ఈ అంకె దానితోనే పుట్టును. 2012లో వచ్చిన ఈగ చిత్రములోని ఈగరెక్కలను తలచుకొనుడు. అవి ఎంత తేటగా ఉండవలెనో చేసినవారే నిర్ణయించినారు. ఎవరును దానిని వెదకనక్కరలేదు. కెమెరా తీసిన గ్లాసు సంగతి వేరు. ఒక్క ఫోటోలో ఒక్కొక్క చుక్కకు మనకు తెలిసినవి మూడు అంకెలు. తెలియవలసినవి గ్లాసు రంగులు మూడు, ఆల్ఫా ఒకటి, కలసి నాలుగు. వెనుకతెర రంగు ముందే తెలిసియున్నను మూడు సమీకరణములతో నాలుగు అవ్యక్తములు తేలవని హైస్కూలు పిల్లవాడును చెప్పగలడు. కుర్రవాని నేర్పులో లోపము లేదు. ఫోటోలోనే ఆ సమాచారము లేదు. తక్కినదంతయు ఊహ. ఊహలో నేర్పు ఉండవచ్చును, అది వేరుమాట.

ఐతే ఇంట కూర్చుండి ఈ చిక్కును తప్పించుకొను ఉపాయ మొకటి కలదు. 1996లో స్మిత్, జేమ్స్ బ్లిన్ అనువారు దీనిని శాస్త్రీయముగా వివరించినారు. గాజు వస్తువును రెండుసార్లు ఫోటో తీయవలెను. మొదట వెనుక తెల్లకాగితము, తరువాత నల్లగుడ్డ. నల్లగుడ్డ ముందు కనబడు వెలుగంతయు గాజు స్వంతము; మెరుపులు, లేతరంగు మాత్రమే. తెల్లకాగితము ముందు కనబడునది ఆ స్వంతపు వెలుగును, గాజు గుండ వచ్చిన కాగితపు వెలుగును కలసినది. రెండవదానిని మొదటిదానినుండి తీసివేసిన, గాజు గుండ ఎంత వెలుగు వచ్చుచున్నదో తేలును. సున్న నుండి 255 వరకు కొలత అనుకొందము. ఒకచోట తెలుపు ముందు 240, నలుపు ముందు 36 వచ్చినది. భేదము 204. దానిని 255తో భాగించిన 0.8. అనగా గాజు అచ్చట నూటికి ఎనుబది పాళ్ళు వెలుగును విడచుచున్నది, ఇరువది పాళ్ళు కప్పుచున్నది. ఇక ఈ గ్లాసును 100 వెలుగుగల క్రొత్త గోడముందు పెట్టవలెననిన, 100లో ఎనుబది పాళ్ళు 80. దానికి గాజు స్వంతపు 36 కలుపగా 116. అంతే. కెమెరా వ్రాయు అంకెలు నిజమైన వెలుగునకు తిన్నగా అనుపాతమున ఉండవు గనుక కచ్చితము కోరువారు ముందు వానిని సరిచేసికొనవలెను. కంటికి నచ్చిన చాలునను వారు ఈ మాటను విడిచిపెట్టవచ్చును.

ఈ పనిలో కెమెరా కదలరాదు, గ్లాసు కదలరాదు, దీపము మారరాదు. కెమెరా తనంత తాను వెలుగును సరిపెట్టుకొనుటను ఆపివేయవలెను. లేనిచో నల్లగుడ్డ చూచి అది మరింత కన్ను తెరచును, లెక్క తప్పును. చార్మినారు చుట్టుపట్ల అమ్ము అత్తరు బుడ్డి వంటి చెక్కుడుపని గాజును ఫోటో తీయువారు తెల్లకాగితమును మరీ వెడల్పుగా పెట్టరాదు. బుడ్డి అంచున వెలుగు మిక్కిలి వంగి, కాగితమును దాటి ప్రక్కనున్న చీకటిని తెచ్చి చూపును; అందుచే అంచు నల్లని గీతవలె చక్కగా తీరును. కాగితము అంతటను పరచియున్న అంచును తెల్లబడి బుడ్డి రూపే కరగిపోవును. ఒక్క ఫోటోయే ఉన్నవారికి మోటు పద్ధతి కలదు. తెలుపు ముందు తీసినదైతే పొరను మల్టిప్లై అను రీతిలో పెట్టుట. తెలుపు మాయమై నల్లగీతలు నిలుచును. నలుపు ముందు తీసినదైతే స్క్రీన్ అను రీతి. నలుపు మాయమై మెరుపులు నిలుచును. అంగడివారి పట్టికలలోని సీసాల బొమ్మలకు ఇది చాలును.

ఇంతవరకు గాజు వెలుగును తిన్నగా విడచునని అనుకొంటిమి. అది నిజము కాదు. నీరు నిండిన గుండ్రని గ్లాసు వెనుక పత్రిక పట్టుకొనుడు. అక్షరములు కుడియెడమలు తారుమారగును. నీటి వక్రీభవనాంకము 1.33, సామాన్యపు గాజుది 1.5 ప్రాంతము. వెలుగు వంగిన తరువాత గ్లాసులో ఒకచోట కనబడునది సరిగా దాని వెనుకనున్నది కాదు, మరియెక్కడిదో. కావున క్రొత్త దృశ్యము ముందు పెట్టినపుడు ఆ దృశ్యమును కూడ గ్లాసులో వంచి చూపవలెను. 1999లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు వస్తువు వెనుక చారల నమూనాలను ఒకదాని తరువాత ఒకటి చూపుచు అనేక ఫోటోలు తీసి, ఏ చుక్కలో ఎక్కడి వెలుగు వచ్చి పడుచున్నదో కనుగొను పద్ధతిని ప్రకటించినారు. స్టూడియో కుర్రవానికి అంత తీరిక ఎక్కడిది? అతడు దృశ్యమును కొంచెము కుదించియో, త్రిప్పియో గ్లాసు లోపల అతికించును. చూచువాని కన్ను వంపును కోరునేగాని దాని లెక్కను అడుగదు.

ఇప్పుడు కండ్లజోడు వద్దకు రావచ్చును. దూరపు వస్తువులు ఆననివారికి ఇచ్చు అద్దము వెనుకనున్న దానిని చిన్నదిచేసి చూపును. అందుచే అట్టి జోడు పెట్టుకొన్నవాని చెంపగీత అద్దములో ముక్కువైపునకు జరిగినట్లు కనబడును. అద్దము వెలుపల చెంప ఒకచోట, లోపల మరియొకచోట. ఆ జరిగిన చెంపకును జోడు చట్రమునకును నడుమ నెలవంకవంటి సందొకటి ఏర్పడును. అందులో వెనుక దృశ్యము కనబడును. చత్వారపు అద్దము దీనికి విరుద్ధముగా చెంపను వెలుపలికి నెట్టును. అద్దము బలమెంతో ఎరిగినవాడు ఈ జరుగుబాటును చూచియే చెప్పగలడు. ఆ యిల్లాలు ఎన్నో ఏండ్లు చూచిన ముఖము అట్టి జరుగుబాటుతో కూడిన ముఖము. మొదటిసారి స్టూడియోవాడు చట్రము వెంబడి కోసినాడు గనుక నెలవంకలో పందిరి మిగిలినది. రెండవసారి చెంపగీతను తిన్నగా లాగినాడు గనుక అద్దమునకు బలము పోయినది. కిటికీ పలక మిగిలినది. మెరుపును తుడుచుటతో ఆ పలకయు పోయినది. ఆమె మాటకు అర్థమిదియే.

మూడవసారి వారు వేరొకనివద్దకు పోయినారు. అతడు చేసినది పెద్ద రహస్యము కాదు. మొదటి ఫోటోనే తిరిగి తీసికొని, చట్రమును, అద్దమును, ముఖమును మూడు పొరలు చేసినాడు. జరిగిన చెంపను జరిగినట్లే ఉంచినాడు. నెలవంకలోని పందిరిని మాత్రము ముసుగుతో తొలగించి, లేతనీలమును దాని క్రింద చేర్చినాడు. అద్దము కొంత వెలుగును మింగును గనుక ఆ నీలమును వెలుపలి నీలముకంటె ఒకింత మందము చేసినాడు. అద్దము మీది మెరుపులలో పందిరి రంగు అంటిన వానికి రంగు తీసివేసి, వెలుగును మాత్రము స్క్రీన్ రీతిలో తిరిగి పైన పరచినాడు. రెండు గంటల పని. పెద్దకర్మనాటి ఉదయమున పటము ఇల్లు చేరినది. ఆమె ఈసారి ఏమియు అనలేదు. పైటకొంగుతో అద్దము తుడిచి గోడకు పెట్టించినది.

ఒక్క మీట నొక్కిన వెనుక దృశ్యమును తొలగించు యంత్రములు నేడు ప్రతివాని చేతిలోను ఉన్నవి. మనిషి అంచును, జుట్టును గూడ అవి మెచ్చదగినంతగా పట్టుచున్నవి. గాజు వద్ద తడబాటు తరచు. గ్లాసును గోడవలె గట్టిపరచుటయో, చిల్లువలె తీసివేయుటయో చేయును. ఇవి బాగుపడుననుటలో నాకు సందేహము లేదు. నన్ను కొంచెము ఆలోచింపజేయునది మరియొక రకము. అవి అద్దములోనిది తుడిచివేసి, క్రొత్త మెరుపును, క్రొత్త చెంపను, అవసరమైనచో క్రొత్త కన్నును గూడ తామే కల్పించి పెట్టును. అత్తరు బుడ్డికి అట్లు చేసిన ఎవరికిని నష్టము లేదు, కొనువాడు మోసపోనంతవరకు. దండ వేయు పటములో, ఆయన కంటిలో ఎన్నడును పడని కిటికీ వెలుగును యంత్రము గీసినచో అది ఎవరి పటము? అందంగా ఉన్నది గదా అనువారు ఉన్నారు. నాకు ఆ వాదము రుచించదు. పందిరి రంగు తీసివేయుట వేరు, లేని చూపును అంటించుట వేరు. స్టూడియోవానిని అడుగునపుడు ఈ రెంటిలో ఏది కావలెనో స్పష్టముగా చెప్పుట మంచిది. పాత ఫోటోను, అది కాగితమైనను ఫైలైనను, దిద్దించిన తరువాత పారవేయరాదు. మూడవసారి చేయించుకొనవలసి వచ్చిన దానితోనే పని.

ఇంట పెద్దవారున్నవారు వారు నవ్వుచుండగానే ఒక మంచి ఫోటో తీసి ఉంచుకొనవచ్చును. గోడకు ఆనుకొని కాక, నాలుగైదు అడుగులు ఇవతల కూర్చుండబెట్టవలెను. గోడ ఒకే రంగుది కావలెను. జోడు కాళ్ళను చెవులమీద ఒకింత పైకెత్తిన, అద్దములు క్రిందికి వాలి కిటికీ మెరుపు కండ్లమీదినుండి తప్పుకొనును. ఆ ఫోటో తీసిన పిమ్మట, తల కదపవద్దని చెప్పి, జోడు తీయించి మరియొకటి తీయుడు. మెరుపు క్రింద కన్ను దాగియున్నచో ఈ రెండవ ఫోటోనుండి దానిని తెచ్చి పెట్టవచ్చును. అది వారి కన్నే.